పైపుల మేస్త్రి హార్డ్ డిస్కు

ఆయన్ని అందరూ డాక్టరుగారూ అంటారు గానీ, జీవితంలో ఒక్క మనిషి నాడి పట్టుకున్న పాపాన పోలేదు. పాడైన కంప్యూటర్ హార్డ్ డిస్కుల్లోంచి జనం పోగొట్టుకున్న ఫోటోలూ, ఉత్తరాలూ, ఏళ్ళ తరబడి రాసుకున్న రాతలూ బయటికి తీసి ఇవ్వడం ఆయన వృత్తి. ఆ పేరు మొదట ఎవరో వెటకారానికి పెట్టారు. ఈయన దాన్ని నిజమే అనుకున్నాడు. నెల తిరక్కుండానే కొట్టు బోర్డు మీద కూడా రాయించేసుకున్నాడు. తర్వాత వెటకారం చేసినవాళ్ళ డిస్కులు కూడా పోయాయి. వాళ్ళు కూడా చేతులు కట్టుకుని ఆ బల్ల ముందు నిలబడ్డారు.

కొట్టు ఒక పాత మేడ మెట్ల కింద, వీధికన్నా నాలుగు మెట్లు దిగువన ఉంది. పొడుగైనవాళ్ళు లోపలికి రావాలంటే తల వంచాలి. డిస్కు పాడుచేసుకున్నవాళ్ళు ఎలాగూ తల వంచుకునే వస్తారు కాబట్టి ఇబ్బందేమీ లేదని డాక్టరు తన హాస్యానికి తనే నవ్వుకునేవాడు. లోపల ఒక పొడవాటి బల్ల, దాని మీద పచ్చటి రబ్బరు పట్టా, మెడ వంచే దీపం, భూతద్దం, సీసా మూతల్లో ఆవగింజలంత మరలు. పక్కనే జిరాక్స్ కొట్టు. రెండు కొట్లకూ మధ్య ఉన్నది గోడ కాదు, తెల్లరంగు వేసిన చెక్క. జిరాక్స్ కొట్టావిడ అటు ఫోన్లో గొంతు తగ్గించి మాట్లాడినా ఇటు వినపడేది. ఒకప్పుడు.

హార్డ్ డిస్కు అంటే ఏమిటో తెలియనివాళ్ళకు ఆయన ఒకటే పాఠం చెప్పేవాడు. లోపల అద్దంలా మెరిసే పళ్ళెం గిర్రున తిరుగుతూ ఉంటుంది. దానిపైన, వెంట్రుకలో వెయ్యోవంతు కూడా లేని ఎత్తున, చిన్న తల ఒకటి ఎగురుతూ రాతను చదువుతుంది. ఆ తల కిందికి వాలి పళ్ళేన్ని గీరిందంటే రాతంతా పొడి అయిపోతుంది. ఒకసారి పొడి అయ్యాక దేవుడు దిగివచ్చినా చేసేదేమీ లేదు. అందుకని జబ్బు డిస్కును పదేపదే ఆన్ చేయకూడదు. డిస్కు తన జబ్బు గురించి తానే లోపల ఒక చిట్టా రాసుకుంటుంది, ముందు ఆ చిట్టా చదవాలి. తర్వాత నెమ్మదిగా, డిస్కు అలిసిపోకుండా, ఉన్నదున్నట్టు ఇంకో మంచి డిస్కు మీదికి నకలు తీయాలి. వైద్యమేదైనా ఆ నకలుకే చేయాలి. ఈ మాటలన్నీ ఆయన అట్ట మీద రాసి గోడకు తగిలించాడు కూడా.

తగిలించింది జనం కోసం. ఆయన పద్ధతి వేరు. కుర్రతనంలో లారీ ఇంజన్లు బాగుచేసే మేనమామ దగ్గర రెండేళ్ళు పనిచేశాడు. పొడవాటి స్క్రూడ్రైవర్ కొనను ఇంజనుకు ఆనించి, చెక్క పిడిని చెవి వెనక ఎముకకు అదిమిపెట్టుకుని, లోపల ఏ భాగం ఏడుస్తోందో చెప్పడం ఆ మామ నేర్పిన విద్య. డాక్టరు ఆ విద్యను డిస్కులకు తెచ్చాడు. డిస్కు మూత మీద కొన ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకునేవాడు. టక్కు టక్కుమంటే తల ఆధారం తప్పిందని, మూలిగితే మోటారు బిగుసుకుందని, సన్నగా కీచుమంటే తల పళ్ళేన్ని గీకుతోందని చెప్పేవాడు. చిట్టా చదివినవాళ్ళకు గంట తర్వాత తెలిసేది ఈయనకు అర నిమిషంలో తెలిసేది. చెవి 'సరే' అంటే ఇక చిట్టా లేదు, నకలు లేదు, నేరుగా వైద్యమే. నకలు తీయాలంటే ఒక పగలంతా పడుతుంది. అంత ఓపిక లేనివాడికి మంచి చెవి ఉండటం ఎంత సుఖమో చెప్పక్కర్లేదు.

ఇక ఆయన నోరు. దాని గురించి చెప్పకపోతే మనిషిని సగమే చెప్పినట్టు. డిస్కు బల్ల మీద పెట్టగానే ఆయన అడిగే మొదటి ప్రశ్న, "పాడైందని తెలిశాక ఎన్నిసార్లు ఆన్ చేశారు?" ఒకటి అంటే నమ్మడు. రెండంటే కళ్ళజోడు నుదుటి మీదికి తోసి ఎగాదిగా చూస్తాడు. మూడు దాటిందా, ఇక అంతే, దుమ్ము దులిపేస్తాడు. పెద్ద పెద్ద అధికారులు కూడా ఆ బల్ల ముందు హోమ్‌వర్కు చేయని పిల్లల్లా నిలబడేవారు. తిట్టినా పని చేసిపెడతాడు కదా అని జనం సర్దుకుపోయారు. పోను పోను ఆయనకు తిట్టడం కూడా వైద్యంలో భాగమే అయిపోయింది.

అలాంటి కొట్టుకు ఒకరోజు ఉదయం పైపుల మేస్త్రి కోడలు వచ్చింది.

పైపుల మేస్త్రి అంటే ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. ఇరవై మూడేళ్ళుగా ఇళ్ళకు నీళ్ళ పైపులు వేస్తున్నాడు. ఆయనకొక అలవాటు ఉంది. పైపు బిగించాక, గోడకు పూత పూయకముందు, గది మూల నుంచి కొలత టేపు చాచిపెట్టి ఫోటో తీసేవాడు. పూత పడ్డాక పైపు ఎక్కడుందో దేవుడికెరుక, మేస్త్రికెరుక. పదేళ్ళ తర్వాత ఎవరైనా గోడకు మేకు కొట్టాలన్నా, అలమర బిగించాలన్నా ముందు ఆయనకే ఫోన్ చేసేవారు. "తలుపు మూల నుంచి మూడడుగుల లోపు ముట్టుకోకండి" అని ఆయన కూర్చున్నచోటి నుంచి చెప్పేవాడు. పదకొండు వందల చిల్లర ఇళ్ళ గోడలు ఆ ఫోటోల్లో ఉన్నాయి. అవన్నీ కలగాపులగంగా పడి ఉంటే, కోడలు కాపురానికి వచ్చాక రెండేళ్ళు కూర్చుని, ఇల్లూ, గదీ, గోడా వారీగా పేర్లు పెట్టి ఒక డిస్కులో సర్దింది. ఇంకో నకలు ఎక్కడా లేదు. మామగారు కొత్తవాళ్ళు ఎవరొచ్చినా ఆ కంప్యూటర్ తెరిచి చూపించి, "ఇదంతా మా అమ్మాయి చేసింది" అనేవాడు. కోడల్ని ఆయన అమ్మాయి అనే అనేవాడు.

ఆ అమ్మాయి డిస్కును తువ్వాలులో చుట్టుకుని తెచ్చింది. బల్ల మీద పెట్టి, రెండు రోజులుగా ఫోటోలు తెరుచుకోవడం లేదని, తెర కదలకుండా నిలిచిపోతోందని చెప్పింది.

"ఎన్నిసార్లు ఆన్ చేశారు?"

"నాలుగుసార్లు సార్. వైరు వదులైందేమోనని…"

"వైరు వదులైతే నాలుగుసార్లు చంపుతారా?"

ఆ అమ్మాయి తల దించుకుంది. తర్వాత, ఎలాగో ధైర్యం చేసి, "సార్, ఒక సంగతి. ఆన్ చేసినప్పుడు లోపల్నుంచి ఏదో సన్నగా కీచుమన్నట్టు…" అంది.

"అమ్మాయ్, నాకు చప్పుళ్ళ పాఠం చెబుతున్నావా? చప్పుళ్ళ సంగతి నాకొదిలెయ్."

డాక్టరు డిస్కుకు కరెంటు ఇచ్చాడు. స్క్రూడ్రైవర్ ఆనించి, కళ్ళు మూసుకుని విన్నాడు. మోటారు నిండుగా, నింపాదిగా తిరుగుతోంది. టక్కు లేదు, మూలుగు లేదు. కీచు అసలే లేదు. కళ్ళు తెరిచి ముఖం కాస్త ప్రసన్నం చేసుకున్నాడు.

"గుండె గట్టిగానే ఉంది. ఏ ఫోటో ఎక్కడుందో చెప్పే పేర్ల పట్టిక చెడింది, అంతే. మరమ్మతు పెడతాను. నాలుగింటికి రండి."

ఆమె ముఖంలోకి రంగు తిరిగొచ్చింది. తువ్వాలు మడిచి సంచిలో పెట్టుకుంది. మెట్ల దగ్గర వెనక్కి తిరిగి, "మామయ్యగారికి ఫోన్ చేసి చెప్పేయమంటారా సార్?" అని అడిగింది.

"చెప్పుకో."

ఆమె వెళ్ళాక డాక్టరు మరమ్మతు మొదలుపెట్టాడు. ఆ మరమ్మతు డిస్కును ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్క గడి వదలకుండా చదివిస్తుంది, చదవలేకపోతే మళ్ళీ మళ్ళీ చదివిస్తుంది. ఆరోగ్యంగా ఉన్నదానికి అది వ్యాయామం. తల గీరుకుపోతున్నదానికి అది మరణశిక్ష. ఆయన పక్కనే కూర్చుని వేరే డిస్కు మరలు బిగించుకున్నాడు, టీ తాగాడు, పేపరు చదివాడు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్ళొచ్చాడు. మూడు దాటాక తెర మీద ఎర్రటి అక్షరాలు కనిపించాయి. డిస్కు జవాబు ఇవ్వడం లేదు.

మూత విప్పాడు. దీపం దగ్గరికి లాక్కున్నాడు. అద్దంలా ఉండాల్సిన పళ్ళెం మీద గుండ్రంగా, వేలు వెడల్పున, బూడిదరంగు గీత. మూల మూలలా సన్నటి నల్లటి పొడి. ఉదయం విన్నాడు కదా, బాగానే ఉంది కదా, ఇంతలో ఏమైంది? ఎంత ఆలోచించినా అంతు చిక్కలేదు. నాలుగింటికి ఆ అమ్మాయి మెట్లు దిగి వచ్చింది. నవ్వుతూ వచ్చింది.

"పోయిందమ్మా," అన్నాడు డాక్టరు. ఆమె ముఖం చూశాక ఏదో ఒక కారణం చెప్పాలనిపించింది. చెప్పాల్సిన కారణం ఇరవై ఏళ్ళుగా నోట్లో సిద్ధంగానే ఉంది. "నాలుగుసార్లు ఆన్ చేశాక ఎవడు మాత్రం ఏం చేస్తాడు? మొదటిసారే ఆపి తెచ్చి ఉంటే బతికేది."

ఆమె బల్ల అంచు పట్టుకుని నిలబడి, "నావల్లే పోయిందా సార్?" అంది.

"మరి ఎవరివల్ల?"

ఆమె డిస్కు తర్వాత తీసుకెళ్తానని చెప్పి మెట్లెక్కింది. రెండుసార్లు తడబడింది.

చెక్క అవతల నుంచి జిరాక్స్ కొట్టావిడ తొంగిచూసింది. ఈయన్ని అన్నయ్యగారూ అంటుంది, ఇరవై ఏళ్ళ పరిచయం.

"పోయిందా అన్నయ్యగారూ? పాపం. పొద్దున్న మీరు పెట్టినప్పటి నుంచీ కీచుమంటూనే ఉంది కదా. నాకు తల పగిలిపోయిందంటే నమ్మండి. తలుపు వేసుకుని కూర్చున్నాను."

డాక్టరు చేతిలో స్క్రూడ్రైవర్ అలాగే ఉంది. "కీచుమందా?"

"అదేమిటి, మీరు పక్కనే కూర్చున్నారుగా! తెలిసే చేస్తున్నారనుకున్నాను."

"తెలియకపోతే? ఒక్క మాట చెప్పొచ్చు కదా చెల్లెమ్మా."

"మీకా? చప్పుడు గురించా?" ఆవిడ నవ్వేసింది. "ఉన్న తిట్లు చాలవనా?"

ఆవిడ వెళ్ళబోతుంటే ఆగమన్నాడు. బల్ల కింది సొరుగులో నమూనా డిస్కులు దాచుకున్నాడు, ఒక్కో జబ్బుకు ఒక్కోటి, మీద చీటీలతో సహా. 'కీచు' అని తన చేతిరాతతోనే ఉన్న డిస్కు తీశాడు. కరెంటు ఇచ్చాడు. పిడి చెవికి ఆనించాడు. మోటారు నిండుగా, నింపాదిగా తిరుగుతోంది. కుడి చెవి నుంచి ఎడమ చెవికి మార్చాడు. అదే నింపాది. ఆవిడ వైపు చూశాడు. ఆవిడ రెండు చేతులతో చెవులు మూసుకుని ఉంది.

"ఆపండి అన్నయ్యగారూ, పళ్ళు జివ్వుమంటున్నాయి!"

ఆయన ఆపాడు. ఆవిడ ఆయన ముఖం చూసి, నవ్వు ఆపేసి, చప్పుడు చేయకుండా తన కొట్లోకి వెళ్ళిపోయింది.

సిగ్గు అంటే ఏమిటో డాక్టరుకు అప్పటిదాకా తెలియదంటే తెలియదు. ఇతరులకు తెప్పించడమే గానీ తనకు వచ్చింది లేదు. ఇప్పుడు ఒక్కసారిగా వచ్చి మీద పడేసరికి ఏం చేయాలో పాలుపోలేదు. చెవులు కాలిపోయాయి. ఎవరో చూస్తున్నట్టు బోర్డు దీపం ఆర్పేశాడు, పట్టపగలు. నిజం చెప్పాలంటే చెవి పోయినందుకు కాదు ఆ మంట. వయసు మీద పడితే సన్నటి చప్పుళ్ళు పోతాయి, అందులో నేరమేముంది? ఆ అమ్మాయి కీచుమంటోందని చెప్పింది. ఆ ఒక్క మాటతో డిస్కు బతికేది. ఆ మాట అన్న నోటినే మూయించి, పైగా హత్యానేరం కూడా ఆమెకే అంటగట్టి పంపించాడు.

గోడవార పుస్తకం ఉంది. వచ్చిన ప్రతి డిస్కుకూ జబ్బేమిటో, బతికిందో పోయిందో అందులో రాసుకునేవాడు. తీసి చూశాడు. చూడకుండా ఉంటే బాగుండేది. మూడేళ్ళ కిందట పేజీకి ఒకటో రెండో 'పోయింది'లు. ఈ ఏడాది సగం పేజీ అవే. ప్రతి 'పోయింది' పక్కనా ఒకటే కారణం: 'ఎక్కువసార్లు ఆన్ చేశారు.' వాళ్ళ ముఖాలు గుర్తొచ్చాయి. ఒక నర్సు, ఒక బడిపంతులు, పెళ్ళి ఫోటోలు తెచ్చిన ఒక జంట. ఆ జంట ఆ బల్ల ముందే ఒకరినొకరు నువ్వంటే నువ్వని పోట్లాడుకున్నారు. ఈయన వాళ్ళిద్దరినీ కలిపి తిట్టాడు.

ఆ మర్నాడే మేస్త్రి ఇంటికి వెళ్ళి చెప్పేద్దామనుకున్నాడు. వెళ్ళలేదు. ఎల్లుండి అనుకున్నాడు. ఎల్లుండి గడిచి ఆవలెల్లుండి అయింది. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? డిస్కు ఎప్పుడు చచ్చిందో దాన్ని చూసి ఎవరూ చెప్పలేరు. అలాంటి ఆలోచన వచ్చినందుకు సిగ్గుపడ్డాడు, ఆ ఆలోచననే పట్టుకుని వారం రోజులు గడిపాడు.

ఎనిమిదో రోజున మేస్త్రే వచ్చాడు. పొట్టి మనిషి, చేతుల నిండా పైపు జిగురు మరకలు. మెట్ల కింద తల వంచాల్సిన అవసరం లేకపోయినా వంచుకునే వచ్చాడు.

"డిస్కు ఇచ్చేయండి డాక్టరుగారూ. పనికిరాకపోయినా నాదే కదా, ఇంట్లో పడుంటుంది."

డాక్టరు దాన్ని ఎప్పుడో మూత బిగించి, కాగితంలో చుట్టి ఉంచాడు. గీత కనపడకూడదని. అందించాడు. మేస్త్రి తీసుకుని వెళ్ళిపోలేదు.

"అమ్మాయిని నేను పల్లెత్తు మాట అనలేదండీ. ఒట్టు. కాకపోతే ముఖం చూసి మాట్లాడబుద్ధి కావడం లేదు. మాట్లాడటం మానేశాను, అంతే. మా ఆవిడే ఉండబట్టలేక అమ్మాయి వాళ్ళమ్మకు ఫోన్ చేసింది, పిల్లకు కాస్త నిదానం నేర్పాల్సిందని. అది తిండి కూడా సరిగా తినడం లేదు." ఆగాడు. "మీరు చెప్పండి. ఆన్ చేయకుండా తెచ్చి ఉంటే బతికేదేనా?"

చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఇంకోటి రాదని డాక్టరుకు తెలుసు. నోరు తెరిచాడు.

"బతికేదేమోనండీ," అన్నాడు.

మేస్త్రి తలూపి వెళ్ళిపోయాడు. డాక్టరు కుర్చీలో కూలబడ్డాడు. మొదటి రోజు చేసింది పొరపాటు. ఈ రోజు చేసింది పొరపాటు కాదు. ఈ రెండిటికీ తేడా తెలియనంత అమాయకుడు కాడు ఆయన.

ఆ సాయంత్రం ఇంట్లో భార్యకు చెప్పాడు. ఆవిడ కూరగాయలు తరుగుతూ అంతా విని, చాకు పక్కన పెట్టింది.

"మీ చెవి సంగతి నాకు రెండేళ్ళ నుంచి తెలుసు."

"ఏంటీ?"

"రెండేళ్ళ నుంచి తెలుసంటున్నా! కెటిల్ ఈల వేస్తుంటే మీరు పక్కనే కూర్చుని టీ ఎప్పుడని అడుగుతారు. మనవరాలు ఫోన్లో ఏం చెప్పినా 'సరే తల్లీ' అంటారు. అది మొన్న జ్వరమొచ్చిందంటే కూడా సరే తల్లీ అన్నారు."

"మరి చెప్పలేదేం?"

"చెబితే ఇల్లు పీకి పందిరేస్తారని ఊరుకున్నాను." ఆవిడ మళ్ళీ చాకు తీసుకుంది. "అందరూ అంతే. ఆ పిల్ల కూడా అంతే. తిడతారనే కదా మారుమాట్లాడకుండా పోయింది."

డాక్టరు ఆ మాటకు కోపం తెచ్చుకుందామని చూశాడు. రాలేదు.

మర్నాడు ఉదయం కొట్టు తెరవకుండా నేరుగా మేస్త్రి ఇంటికి వెళ్ళాడు. ముందుగదిలో పైపు ముక్కలు, వంపులు, కుళాయిలు బుట్టల్లో ఉన్నాయి. కిటికీ పక్కన కంప్యూటర్ మీద గుడ్డ కప్పి ఉంది. మేస్త్రి ఫోన్లో మాట్లాడుతున్నాడు. అవతల ఎవరో గోడకు అలమర బిగించాలంటున్నట్టుంది.

"తెలియదండీ," అన్నాడు మేస్త్రి. "లేదండీ, ఇప్పుడు చూసి చెప్పడానికి లేదు. చూసుకుని కొట్టుకోండి." ఫోన్ పెట్టేసి డాక్టరును చూసి లేచాడు. "రండి, కూర్చోండి."

ఆయన కూర్చోలేదు. మేస్త్రి భార్య వంటింటి గుమ్మంలోకి వచ్చింది. కోడలు గోడ పక్కన బట్టలు ఇస్త్రీ చేస్తోంది. డాక్టరును చూడగానే ఇస్త్రీపెట్టె నిలబెట్టి, ఇంకేం తప్పు చేశానో అన్నట్టు చేతులు దగ్గరికి తీసుకుంది. డాక్టరు దారిలో తయారుచేసుకున్న మాటలన్నీ ఆ చేతులు చూడగానే పోయాయి.

"డిస్కు ఈ అమ్మాయివల్ల పోలేదు," అన్నాడు. "నావల్ల పోయింది. కీచుమంటోందని ఈ అమ్మాయి ముందే చెప్పింది. నేను నోరు మూయించాను. నాకా చప్పుడు వినపడదు. వినపడదన్న సంగతి నాకు తెలియదు. బాగానే ఉందనుకుని, నకలు తీయకుండా, ఆరు గంటలు దాన్ని అరగదీశాను. ఇది తెచ్చినప్పుడు బతికే ఉంది. నేను చంపాను."

ఆయన తిట్లకు సిద్ధపడి వచ్చాడు. మేస్త్రి కాలర్ పట్టుకున్నా పడదామనుకున్నాడు. మేస్త్రి ఆయన వైపు చూడలేదు, కోడలి వైపు అసలే చూడలేదు. లేచి లోపలి గదిలోకి వెళ్ళిపోయాడు. మేస్త్రి భార్య చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అయ్యో, వాళ్ళమ్మను ఎన్నేసి మాటలన్నానో," అంది, ఎవరితోనో తెలియకుండా.

కోడలు మాత్రం డాక్టరునే చూస్తోంది.

"మీకెప్పుడు తెలిసింది సార్?"

ఆ ప్రశ్న వస్తుందని ఆయన అనుకోలేదు.

"ఆ రోజే. నువ్వు మెట్లెక్కిన పది నిమిషాలకు."

"ఆ రోజేనా." ఆమె ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీసింది. వైరు చుట్టింది. చుట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ చుట్టింది. "నిన్న మామయ్యగారు మీ కొట్టుకు వచ్చారు కదా. అప్పటికి తెలుసన్నమాట."

"తెలుసు."

"పదిరోజులు కావస్తోంది సార్."

అరిచి ఉంటే బాగుండేది. ఆమె అరవలేదు. డాక్టరుకు భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. అలా పోవడానికి కుదరదు కాబట్టి నిలబడ్డాడు. ఆమె బల్ల మీది ఫోన్ తీసుకుని నొక్కి, ఆయన చేతిలో పెట్టింది.

"మా అమ్మ. ఇప్పుడు ఇక్కడ చెప్పిందంతా ఆవిడకు కూడా చెప్పండి."

చెప్పాడు. ఫోన్లో చెప్పడం ఇంకా కష్టంగా ఉంది, ఎందుకంటే అవతలి మనిషికి ఆయనెవరో తెలియదు. మొదట తానెవరో చెప్పుకోవాల్సి వచ్చింది. హార్డ్ డిస్కుల డాక్టరునని అనబోయి, మానుకుని, కంప్యూటర్లు బాగుచేసేవాణ్ణి అన్నాడు. మీ అమ్మాయి తప్పు ఆవగింజంత కూడా లేదన్నాడు. తెలిసీ తొమ్మిది రోజులు దాచానన్నాడు. చెప్పడం అయిపోయాక అవతలి నుంచి ఏదో వచ్చింది. సన్నటి ఆడగొంతు, గాలిలా ఉంది, ఒక్క ముక్క అందలేదు. మనవరాలితో అన్నట్టు సరే అనేయబోయాడు. ఆగాడు.

"అమ్మా, ఆవిడేమన్నారో నాకు తెలియలేదు," అన్నాడు కోడలితో. "సన్నటి గొంతులు నాకు వినపడవు."

బయటివాళ్ళ ముందు ఆ మాట అనడం ఆయనకు అదే మొదలు. ఆమె ఫోన్ తీసుకుని, "మళ్ళీ చెప్పమ్మా, ఆయనకు వినపడలేదట," అని చెవికి పెట్టుకుంది. వింటూ గోడ వైపు తిరిగింది.

"ఏమంటున్నారమ్మా?"

ఆమె పెదాలు కదిలాయి. ఆయనకు వినపడలేదు.

"కాస్త గట్టిగా చెప్పు తల్లీ."

లోపలి గది తలుపు తెరుచుకుంది. మేస్త్రి గుమ్మంలో నిలబడ్డాడు. కోడలు అటు చూడలేదు. చెంపలు తుడుచుకుని, డాక్టరు వైపు తిరిగి, ఇల్లంతా వినపడేలా చెప్పింది.

"నా కూతురు ఏ వస్తువూ పాడుచేసే పిల్ల కాదు, నాకు ముందే తెలుసు, అంటోంది మా అమ్మ."